జీపీఎల్ రెండు, జీపీఎల్ మూడు, అపాచీ: ఒకే ప్రోగ్రాములో లింకు చేస్తే లైసెన్సుల పొంతన కుదురుతుందా?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లను తెరిచి, అందులోని అక్షరాలను గుర్తించి, పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి సెలవు రోజుల్లో కొంచెం కొంచెంగా రాస్తూ వచ్చాను. మా ఊరి దగ్గర చూపులేని పిల్లల బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు దాన్ని వాడి చూసి, మిగిలిన బడులకు కూడా పంపుదామన్నారు. పంపే ముందు లైసెన్సుల సంగతి సరిచూసుకుందామని కూర్చున్నాను. ముడి విప్పబోయి మరింత బిగించుకున్నట్టయింది.

ప్రోగ్రాము సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. తెరమీద కనిపించేదంతా క్యూటీ. పీడీఎఫ్ పుటను బొమ్మగా మార్చేది పాప్లర్, బొమ్మలోని తెలుగును గుర్తించేది టెసరాక్ట్, మాటల తప్పొప్పులు చూసేది హన్‌స్పెల్, చదివి వినిపించేది ఈస్పీక్ ఎన్‌జీ. వీటికి తోడు, పాత అచ్చులో గీతలు అతుక్కుపోయి 'ప' కాస్తా 'వ'గా, చుక్క కనబడక 'థ' కాస్తా 'ధ'గా మారిన చోట్లను సవరించే చిన్న సీ లైబ్రరీ ఒకటి ఉంది. అది నా మిత్రుడు కాలేజీ రోజుల్లో రాసి జీపీఎల్ (తన కోడును కలుపుకుని పంచే ప్రోగ్రాము కూడా సోర్సుతో సహా తన షరతుల కిందికే రావాలనే లైసెన్సు) రెండవ వెర్షన్ కింద విడుదల చేసినది. వీటన్నిటినీ నేరుగా లింకు చేస్తున్నాను, అంటే నా ప్రోగ్రాములో భాగంగా కలుపుతున్నాను.

అన్నీ ఓపెన్ సోర్సే కదా, కలిపి ఇస్తే ఎవరికి అభ్యంతరం అనుకున్నాను. కానీ మా ఆఫీసులో ఒకాయన టెసరాక్ట్‌కు ఉన్న అపాచీ లైసెన్సుకూ జీపీఎల్ రెండుకూ పొసగదని చెప్పారు. అది నిజమేనా? రెండో ప్రశ్న కూడా ఉంది. పుస్తకాలు చదివే పెట్టె తయారుచేసే ఒక కంపెనీ వారు నా ప్రోగ్రామును, సోర్సు బయటపెట్టకుండా, తమ పెట్టెలో పెట్టుకుంటామని అడుగుతున్నారు. అందుకు దారి ఉందా?

ప్యాకేజీ పంతులు

గోదారిగట్టు గారూ, మీ ఆఫీసాయన చెప్పింది నిజమే, అయితే సగమే. మీ జాబితాలో టెసరాక్ట్ కన్నా గట్టిగా అడ్డుపడేది ఈస్పీక్ ఎన్‌జీ. అది జీపీఎల్ మూడు లేదా ఆ తర్వాతి వెర్షన్ కింద వస్తుంది. మీ మిత్రుడి లైబ్రరీ నిజంగానే రెండవ వెర్షన్ మాత్రమే అయితే, రెండింటినీ ఒకే బైనరీలో కలిపి పంపిణీ చేయడం కుదరదు. జీపీఎల్ రెండు తన షరతులకు మించి మరే ఆంక్షా పెట్టరాదంటుంది. మూడవ వెర్షన్‌లో రెండోదానిలో లేని షరతులు ఉన్నాయి, పైగా అది మొత్తం కృతి తన కిందికే రావాలంటుంది. రెండూ జీపీఎల్ అన్న పేరే మోస్తున్నా, ఒకే ఇంటిపేరున్నంత మాత్రాన దాయాదుల వాటాలు ఒకటి కావు కదా.

మిగిలినవాటిని వరుసగా చూద్దాం. పాప్లర్ జీపీఎల్ రెండు లేదా మూడు కింద లభిస్తుంది కాబట్టి మీరు మూడును ఎంచుకోవచ్చు. క్యూటీని ఎల్‌జీపీఎల్ (లైబ్రరీల కోసం జీపీఎల్ షరతులను సడలించిన లైసెన్సు) మూడు కింద తీసుకుంటే జీపీఎల్ మూడుతో ఇబ్బంది లేదు. హన్‌స్పెల్‌కు మూడు లైసెన్సులు ఉన్నాయి, అందులో ఎల్‌జీపీఎల్ 2.1 కూడా ఒకటి. ఆ లైసెన్సు మూడవ విభాగమే ఆ ప్రతిని జీపీఎల్ కిందికి మార్చుకునే వెసులుబాటు ఇస్తుంది. టెసరాక్ట్ అపాచీ 2.0, అది ఆధారపడే లెప్టోనికా లైబ్రరీ రెండు షరతుల బీఎస్‌డీ అనే ఉదారమైన లైసెన్సు. ఇవన్నీ జీపీఎల్ మూడులోకి ప్రవహించగలవు. అది ఒకవైపు ప్రవాహమేనని మాత్రం గుర్తుంచుకోండి. అపాచీ కోడు జీపీఎల్ మూడు ప్రోగ్రాములోకి రావచ్చు గానీ, జీపీఎల్ కోడును అపాచీ పేరుతో బయటకు పంపలేము.

కాబట్టి మీ ప్రోగ్రాము మొత్తానికి జీపీఎల్ మూడు సరిపోతుంది. దారికి అడ్డంగా ఉన్న బండ ఒక్కటే, మీ మిత్రుడి లైబ్రరీ. దాని ఫైళ్ల తలభాగాల్లో సరిగ్గా ఏ మాటలు ఉన్నాయో చూసి చెప్పండి. రీడ్‌మీలో ఏముందో కాదు, ఒక్కొక్క ఫైలు పైన ఏముందో చూడాలి.

కంపైలర్ కామేశం

పంతులు గారు ఉన్నదానికంటే పెద్ద భూతాన్ని చూపిస్తున్నారని నాకు అనిపిస్తోంది. డైనమిక్ లింకింగ్‌లో రెండు లైబ్రరీలూ డిస్కు మీద వేర్వేరు ఫైళ్లుగానే ఉంటాయి. అవి కలిసేది వాడుకరి కంప్యూటరులో, ప్రోగ్రాము నడిచే క్షణంలో. జీపీఎల్ షరతులు పంపిణీకి వర్తిస్తాయే తప్ప నడపడానికి కాదు. అలాంటప్పుడు ఆ లైబ్రరీల డాట్ ఎస్ఓ ఫైళ్లను విడివిడిగా ఇస్తే ఉల్లంఘన ఎక్కడుంది? ఇక అపాచీ విషయం. అది అంత ఉదారమైన లైసెన్సు, అది జీపీఎల్ రెండుతో ఎందుకు పొసగదో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ప్యాకేజీ పంతులు

కామేశం గారూ, ఈ వాదనకు ముప్పై ఏళ్లు దాటాయి. క్లిస్ప్ అనే లిస్ప్ భాషా వ్యవస్థను రాసిన బ్రూనో హైబల్, తన కోడును జీపీఎల్ కింద ఇవ్వకుండానే గ్నూ రీడ్‌లైన్ లైబ్రరీతో లింకు చేసుకునే వీలు కల్పించి పంచారు. రీడ్‌లైన్ జీపీఎల్ కిందిది. దానికి బదులు పెట్టుకునేందుకు పనేమీ చేయని ఉత్త లైబ్రరీ ఒకటి కూడా రాసి జోడించి, నా ప్రోగ్రాముకు రీడ్‌లైన్ తప్పనిసరి కాదు చూడండి అన్నారు. 1992లో ఆయనకూ జీపీఎల్ రూపకర్త రిచర్డ్ స్టాల్‌మన్‌కూ మధ్య దీనిమీద ఉత్తరాలు నడిచాయి. చివరికి క్లిస్ప్ జీపీఎల్ కిందికి మారింది. ఆ ఉత్తరాలను క్లిస్ప్ సోర్సుతో పాటే ఇస్తున్నారు, తీరిక ఉన్నప్పుడు చదవండి. అది కోర్టు తీర్పు కాదన్న మాట ఒప్పుకుంటాను. అయినా జీపీఎల్‌ను ప్రచురించే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నేటికీ స్టాటిక్ (ముందే ఒకే ఫైలుగా కలపడం), డైనమిక్ అన్న తేడా లేకుండా లింకు చేసిన మొత్తాన్ని ఒకే కృతిగా లెక్కిస్తుంది. మీ డాట్ ఎస్ఓ వాదన గెలుస్తుందో ఓడుతుందో తేల్చుకోవడానికి ఒక బడికి పంచే ప్రోగ్రామును పందెం కాయమని నేను సలహా ఇవ్వలేను.

అపాచీ సంగతి పేటెంట్ల దగ్గర తిరుగుతుంది. 2004 జనవరిలో వచ్చిన అపాచీ 2.0 లైసెన్సు మూడవ విభాగం ప్రకారం, ఆ సాఫ్ట్‌వేరు నా పేటెంటును ఉల్లంఘిస్తోందని ఎవరైనా దావా వేస్తే, దానికి సంబంధించి వారికి అందిన పేటెంటు అనుమతులు అక్కడితో రద్దవుతాయి. ఇది మంచి షరతే. కానీ 1991 నాటి జీపీఎల్ రెండులో అలాంటిది లేదు కాబట్టి, దాని ఆరవ విభాగం దృష్టిలో ఇది అదనపు ఆంక్ష. 2007 జూన్ 29న వచ్చిన మూడవ వెర్షన్‌ను రాసేటప్పుడు ఇలాంటి షరతులకు చోటు కల్పించారు. ఈ చిక్కు ఊహాజనితం కాదనడానికి నిదర్శనాలు కళ్లెదుటే ఉన్నాయి. కంపైలర్ పనిముట్లు తయారుచేసే ఎల్ఎల్‌వీఎం వారు అపాచీ 2.0కు మారినప్పుడు జీపీఎల్ రెండుతో కలిపేవారి కోసం ప్రత్యేక మినహాయింపు రాసుకున్నారు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రపంచంలో చాలా లైబ్రరీలు ఎంఐటీ (మరో ఉదారమైన లైసెన్సు) లేదా అపాచీ అని రెండూ ఇవ్వడం వల్ల, జీపీఎల్ రెండు వారు ఎంఐటీని పట్టుకుని గట్టెక్కుతారు. ఫాంట్లను గీసే లైబ్రరీ ఫ్రీటైప్ వారైతే తమ సొంత లైసెన్సు జీపీఎల్ మూడుతో పొసగుతుంది, రెండుతో పొసగదు అని తామే చెప్పి, అందుకే పక్కన జీపీఎల్‌ను కూడా ఉంచారు.

తాటిముంజ

వీడియో రంగంలో పనిచేస్తున్నాను. ఈ పొంతన చూసే పనిని, వీడియోలను మార్చే పనిముట్టు ఎఫ్ఎఫ్ఎంపెగ్ వారు కాన్ఫిగర్ స్క్రిప్టుకే (కట్టే ముందు ఏమేం కలపాలో తేల్చేది) అప్పగించారు, అది చూస్తే కామేశం గారి సందేహం కొంత తీరుతుంది. మామూలుగా కట్టుకుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎల్‌జీపీఎల్ 2.1 లేదా తర్వాతిది. వీడియోను కుదించే ఎక్స్264 కావాలని అడిగి జీపీఎల్ ఐచ్ఛికాన్ని ఇవ్వకపోతే, ఫలానా లైబ్రరీ జీపీఎల్ కిందిది, మీరు ఆ ఐచ్ఛికం ఇవ్వలేదు అని చెప్పి స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. అపాచీ కింద ఉండే ఓపెన్‌కోర్ ఏఎంఆర్ కావాలంటే మూడవ వెర్షన్ ఐచ్ఛికం విడిగా ఇవ్వాలి. సాంబా వారి లైబ్రరీకి రెండు ఐచ్ఛికాలూ కావాలి. జీపీఎల్ ఐచ్ఛికంతో పాటు శబ్దాన్ని కుదించే ఎఫ్‌డీకే ఏఏసీని తగిలిస్తే నాన్‌ఫ్రీ అన్న ఐచ్ఛికం తప్పదు, అప్పుడు చివర్లో లైసెన్సు అన్న వరుసలో 'స్వేచ్ఛ లేనిది, పంపిణీకి పనికిరానిది' అన్న అర్థం వచ్చే మాటలు కనిపిస్తాయి.

మునుపు నేను పనిచేసిన చోట ఈ వరుసను ఎవరూ చదవలేదు. బిల్డ్ సర్వరులో వేల వరుసల మధ్య అది జారిపోయింది. ఖాతాదారుకు ఇచ్చిన పెట్టెల్లో అదే బైనరీ వెళ్లింది. ఆరు నెలల తర్వాత ఖాతాదారు తరఫు ఆడిటరు బైనరీ మీద, అందులోని చదవగల మాటలను చూపే స్ట్రింగ్స్ ఆదేశం నడిపి, కాన్ఫిగర్‌కు ఇచ్చిన ఐచ్ఛికాల జాబితాను అక్షరం పొల్లుపోకుండా మా ముందు పెట్టాడు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన కాన్ఫిగరేషన్‌ను బైనరీలోనే దాచుకుంటుందని మాకు అప్పుడు తెలిసింది. మళ్లీ కట్టి, మళ్లీ పరీక్షించి, మళ్లీ పంపేసరికి మా పండగ సెలవులు పోయాయి.

గోదారిగట్టు గారూ, మీరు కూడా మీ బైనరీ మీద ఒకసారి ఎల్‌డీడీ (ప్రోగ్రాముకు కావలసిన లైబ్రరీలన్నిటినీ చూపే ఆదేశం) నడిపి చూడండి. మీరు పిలిచినవి అయిదారు లైబ్రరీలే అయినా, అవి వెంట తెచ్చుకున్న చుట్టాలు ఎందరో తెలుస్తుంది.

గోదారిగట్టు

పంతులు గారు చెప్పినట్టు మిత్రుడి లైబ్రరీలో ఒక్కొక్క ఫైలూ తెరిచి చూశాను. మొత్తం 11 ఫైళ్లు. 8 ఫైళ్ల పైన 'ఇది జీపీఎల్ కింద విడుదలైంది, కాపీయింగ్ ఫైలు చూడండి' అని మాత్రమే ఉంది, వెర్షన్ సంఖ్య లేదు. కాపీయింగ్ ఫైలులో ఉన్నది రెండవ వెర్షన్ పాఠం. 2 ఫైళ్ల మీద 'రెండవ వెర్షన్' అని స్పష్టంగా ఉంది, 'లేదా తర్వాతిది' అన్న మాట లేదు. ఇక జాబితాలను నడిపే ఒక హెడర్ ఫైలు మీద ఎవరి పేరూ, ఏ లైసెన్సూ లేవు. అందులో లిస్ట్ పాయిజన్ వన్, లిస్ట్ పాయిజన్ టూ అన్న పేర్లతో 00100100, 00200200 అనే వింత విలువలు ఉన్నాయి. ఇవేమిటో మిత్రుడికి కూడా గుర్తు లేదు.

ఎల్‌డీడీ కూడా నడిపాను. చుట్టాలు ఎనభై దాటారు, వాళ్ల సంగతి తర్వాత చూస్తాను.

ప్యాకేజీ పంతులు

ఆ విలువలు చూడగానే నవ్వు వచ్చింది. అది లైనక్స్ కెర్నెల్‌లోని లిస్ట్ డాట్ హెచ్. జాబితా నుంచి తీసేసిన అంశాన్ని ఎవరైనా పొరపాటున మళ్లీ ముట్టుకుంటే వెంటనే పట్టుబడేలా అందులో ఆ విషపు విలువలను పెడతారు. ఆ రోజుల్లో ఇంజినీరింగ్ విద్యార్థి అన్నవాడు ఆ ఫైలును తన ప్రాజెక్టులోకి ఎత్తి పెట్టుకోకుండా ఉండలేదు, నేనూ పెట్టుకున్నాను. కానీ కెర్నెల్ జీపీఎల్ రెండు మాత్రమే. 2017 నవంబరులో వచ్చిన 4.14 నుంచి కెర్నెల్ ఫైళ్ల తలమీద లైసెన్సు పేరు చెప్పే ఎస్‌పీడీఎక్స్ గుర్తులు కూడా చేరాయి కాబట్టి ఇప్పుడు తీసుకుంటే తెలిసిపోతుంది. మీ మిత్రుడు తీసుకున్నది అంతకుముందుది.

దీనివల్ల తేలేదేమిటంటే, మీ మిత్రుడు తన కోడును ఏ వెర్షన్‌కైనా మార్చవచ్చు గానీ ఈ ఒక్క ఫైలును మార్చలేడు. అది ఆయనది కాదు. అదృష్టం కొద్దీ ఇది పెద్ద పని కాదు. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలోని క్యూ డాట్ హెచ్ మూడు షరతుల బీఎస్‌డీ కింద ఉంటుంది. అందులోని టెయిల్ క్యూ మాక్రోలతో ఇదే పని జరుగుతుంది. పాత ఫైలును పక్కన పెట్టుకుని పేర్లు మార్చి తిరగరాయకండి, దాన్ని తీసేసి కొత్తది పెట్టి, పిలిచే చోట్లను సవరించండి.

వెర్షన్ సంఖ్య లేని 8 ఫైళ్ల విషయంలో జీపీఎల్ రెండు తొమ్మిదవ విభాగం మీ పక్షాన ఉంది. ప్రోగ్రాము వెర్షన్ సంఖ్యను పేర్కొనకపోతే, ఫౌండేషన్ ప్రచురించిన ఏ వెర్షన్‌నైనా ఎంచుకోవచ్చని అది చెబుతుంది. అయితే పక్కనున్న కాపీయింగ్ ఫైలులో రెండవ వెర్షన్ పాఠం పెట్టడమే వెర్షన్‌ను పేర్కొనడం అవుతుందని వాదించేవారూ ఉన్నారు. మిత్రుడు అందుబాటులో ఉండగా ఆ వాదనలోకి దిగడమెందుకు? ఆయన్నే అడిగి రాయించుకోండి.

నల్లకోటు

వృత్తిరీత్యా కోర్టు మనిషిని. సాఫ్ట్‌వేరు లోతులు నాకు తెలియవు గానీ, చట్టం గురించి రెండు మాటలు చెప్పగలను. ఇది మీ కేసుకు ఇచ్చిన సలహాగా కాక, సాధారణ వివరణగా తీసుకోండి.

మన 1957 నాటి కాపీరైట్ చట్టంలో అమెరికా వారు వాడే డెరివేటివ్ వర్క్ అన్న మాట కనిపించదు. అందులో ఉన్నది అడాప్టేషన్. కంప్యూటరు ప్రోగ్రాముకు సంబంధించిన హక్కులను 14వ సెక్షన్ చెబుతుంది. అమెరికా చట్టం పరిభాష మీద రాసిన జీపీఎల్ రెండును మన చట్టానికి అన్వయించేటప్పుడు ఈ తేడా వాదనలకు తావిస్తుంది. మూడవ వెర్షన్ ఏ ఒక్క దేశపు పదజాలానికీ కట్టుబడకుండా తన మాటలను తానే నిర్వచించుకుంది. ఆ కారణంగానే నాకు అది మెరుగనిపిస్తుంది.

రెండోది, మిత్రుడి అనుమతి సంగతి. 30వ సెక్షన్ ప్రకారం హక్కుదారు ఇచ్చే లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలి. ఫోనులో సరేనంటే చాలదు. అంతకన్నా ముందు, హక్కుదారు ఆయనేనా అన్నది చూడాలి. 17వ సెక్షన్‌లోని సీ క్లాజు ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. కాలేజీలో విద్యార్థిగా రాసినదానికి ఈ బెడద ఉండదు గానీ, ఉద్యోగంలో చేరాక ఆ కోడులో మార్పులు చేశారేమో, ఇంకెవరైనా సవరణలు పంపారేమో అడగండి.

మూడోది. గోదారిగట్టు గారు ఇప్పటికే ఆ బడికి ప్రతులు ఇచ్చారని మొదటి టపా చదివితే అర్థమైంది. ఉల్లంఘిస్తూ పంపిణీ చేస్తే జీపీఎల్ రెండు నాలుగవ విభాగం కింద ఆయన హక్కులు వాటంతట అవే రద్దవుతాయి. ప్రతులు అందుకున్న బడి హక్కులు మాత్రం పోవు.

కంపైలర్ కామేశం

నల్లకోటు గారి మూడో మాట చదివి నాకే చెమట పట్టింది. నాదీ ఒక లైబ్రరీ ఇలాగే బయట తిరుగుతోంది. లిస్ట్ డాట్ హెచ్ కారణంగా కెర్నెల్ రాసినవాళ్లంతా కక్షిదారులవుతారా?

ప్యాకేజీ పంతులు

భయపడకండి. ఈ కాఠిన్యాన్ని కెర్నెల్ డెవలపర్లే గుర్తించి, 2017 అక్టోబరులో ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. హక్కుల పునరుద్ధరణ విషయంలో జీపీఎల్ మూడులోని పద్ధతిని తామూ పాటిస్తామన్నారు. దాని ప్రకారం మొదటిసారి తప్పు చేసినవారు నోటీసు అందిన 30 రోజుల్లో దిద్దుకుంటే హక్కులు తిరిగి దక్కుతాయి. నోటీసు రాకముందే దిద్దుకోవడం ఇంకా మేలు.

రెండో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. కంపెనీ వారికి సోర్సు లేకుండా ఇవ్వాలంటే, మీరు రాసిన కోడు మీది కాబట్టి దాన్ని మీ ఇష్టమొచ్చిన షరతుల మీద ఇవ్వవచ్చు. పాప్లర్, ఈస్పీక్, మిత్రుడి లైబ్రరీ అందులో ఉండకూడదు. పాప్లర్ స్థానంలో క్రోమ్ బ్రౌజరులో వాడే పీడీఎఫ్‌ఇయమ్‌ను చూడండి, దాని లైసెన్సు ఉదారమైనది. ఎమ్‌యూపీడీఎఫ్ వైపు మాత్రం పోకండి, అది జీపీఎల్ కన్నా కఠినమైన ఏజీపీఎల్, లేదంటే డబ్బు కట్టి లైసెన్సు కొనుక్కోవాలి. క్యూటీ ఎల్‌జీపీఎల్ కాబట్టి డైనమిక్‌గా లింకు చేయాలి, వాడుకరి తానే మార్చుకున్న క్యూటీని పెట్టుకునే వీలు ఉంచాలి. పెట్టెకు తాళం వేసి అమ్మే కంపెనీలు మింగలేనిది సరిగ్గా ఈ షరతే.

కంపైలర్ కామేశం

ఈస్పీక్‌ను లింకు చేయకుండా, విడి ప్రోగ్రాముగా నడిపి, పైపు ద్వారా వాక్యాన్ని పంపి శబ్దాన్ని తీసుకుంటే? అది కూడా ఒకే కృతి అంటారా?

ప్యాకేజీ పంతులు

అక్కడ మీతో ఏకీభవిస్తాను. పైపులు, ఆదేశ వరుసలు మామూలుగా రెండు వేర్వేరు ప్రోగ్రాముల మధ్య వాడేవేనని ఫౌండేషన్ కూడా ఒప్పుకుంటుంది. ఒక ప్రోగ్రాము తన లోపలి సంక్లిష్ట నిర్మాణాలను మరోదానికి అప్పగించేంత సాన్నిహిత్యం ఉంటే తప్ప అభ్యంతరం చెప్పదు. ఒక వాక్యాన్ని ఇచ్చి శబ్దాన్ని పుచ్చుకోవడం అలాంటిది కాదు. కానీ లైసెన్సును తప్పించుకోవడానికే గోడ కట్టినట్టు కనిపిస్తే, ఆ గోడ ఎంత గట్టిదో ఎవరైనా తట్టి చూస్తారు. ఇంకొకటి, గోడకు అవతల ఉన్నా ఈస్పీక్ ఈస్పీకే. దాన్ని పెట్టెలో పెట్టి అమ్మితే దాని సోర్సు ఇవ్వాలి. ఆ పెట్టె ఇళ్లలో వాడుకునే వస్తువైతే, మార్చిన ఈస్పీక్‌ను అందులో నడిపించడానికి కావలసిన తాళపు చెవుల వంటి సమాచారం కూడా జీపీఎల్ మూడు ఆరవ విభాగం ప్రకారం ఇవ్వాలి.

గోదారిగట్టు

రెండు వారాల తర్వాత వస్తున్నాను. లిస్ట్ డాట్ హెచ్‌ను తీసేసి క్యూ డాట్ హెచ్ పెట్టాను. మార్చవలసి వచ్చినవి 23 చోట్లు, ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. మిత్రుడు 'రెండవ వెర్షన్ లేదా మీ ఇష్టం మేరకు తర్వాతి ఏ వెర్షన్ అయినా' అని మెయిలు రాసి పంపి, 10 ఫైళ్ల తలభాగాలను తానే సవరించాడు. నల్లకోటు గారు అనుమానించినట్టే, సంయుక్తాక్షరాలను విడదీసే ఒక ఫంక్షన్ ఆయనది కాదని, ఎవరో సవరణగా పంపారని బయటపడింది. ఆ మెయిలు చిరునామా ఇప్పుడు పనిచేయడం లేదు. పాత కోడును చూడకుండా, దాని పని ఏమిటో మాత్రం కాగితం మీద రాసుకుని, మా తమ్ముడి చేత కొత్తగా రాయించాను. నిజం చెప్పాలంటే పాతదానికన్నా బాగా వచ్చింది, ఒత్తుల దగ్గర తడబడటం లేదు.

బడికి ఇచ్చిన పాత పెన్‌డ్రైవులు వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చాను. అందులో ఇన్‌స్టాలరు పక్కనే సోర్సు మొత్తం ఉంది. కంపెనీ వారికి ఈస్పీక్ తాళాల సంగతి చెప్పగానే ఆలోచించి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

తాటిముంజ

పెన్‌డ్రైవులో టెసరాక్ట్ తెలుగు శిక్షణ ఫైలు కూడా ఉందా? అదీ అపాచీ 2.0 కిందిదే, దాని లైసెన్సు ప్రతిని జతచేయాలి. లెప్టోనికా కాపీరైటు ప్రకటన కూడా పెట్టాలి. ఎనభై మంది చుట్టాల్లో బీఎస్‌డీ, ఎంఐటీ వాళ్లందరికీ ఇదే వరస.

గోదారిగట్టు

తెలుగు శిక్షణ ఫైలు ఉంది, లైసెన్సు ప్రతి లేదు. రేపు ఉదయం బడి తెరిచే లోపు లైసెన్సులన్నీ ఒక ఫోల్డరులో పెట్టి మళ్లీ కాపీ చేస్తాను.